చెట్టు నంబరు రెండు వందల పద్నాలుగు

సర్వే పనిలో కొత్తగా చేరే తమ్ముళ్ళకి నేను ఇవ్వగల సలహా ఒకటే. చెట్టు కింద నిలబడి వేళాకోళాలాడకండి. గొలుసు తప్పుగా లాగినా ఫరవాలేదు, మర్నాడు మళ్ళీ లాగొచ్చు. కొలత తప్పితే పెద్దాయన తిడతాడు, ఆ తిట్టు రెండు రోజుల్లో ఆరిపోతుంది. వేళాకోళం అలా కాదు. అది మీ వెనకాలే బస్సెక్కి, లాంచీ ఎక్కి, రైలెక్కి, ఆఫీసు మెట్లెక్కి, మీ కుర్చీ ఎక్కడని అడుగుతుంది. నాది అలాగే వచ్చింది. దానికి కూర్చోడానికి నేనే చాప వేశాను.

ఇది డెబ్బైల చివరి సంగతి. మా ఆఫీసు సీతమ్మధారలో ఒక అద్దింటి మేడమీద ఉండేది. గనులు తవ్వాలనుకునేవాళ్ళకి ముందుగా కావలసిన మ్యాపులూ రిపోర్టులూ తయారుచేసి ఇవ్వడం మా పని. కింద వాటాలో ఇంటావిడ ఉండేవారు. ఆవిడ పెరట్లో ఒక బాదం చెట్టు. దాని కొమ్మొకటి మా కిటికీలోకి తొంగిచూసేది. ఆ కొమ్మమీద మేం చేతిరుమాలు ఆరేసినా ఆవిడకి కిందనుంచే తెలిసిపోయేది. ఈ బాదం చెట్టుని కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ రోజుల్లో విశాఖపట్నంలో ఎవర్ని కదిపినా ఉక్కు మాటే. ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగి ఏళ్ళయింది. జరిగినచోట రాయి ఉంది, రాయి చుట్టూ మేకలున్నాయి, ఫ్యాక్టరీ ఒక్కటే రావాలి. అయినా కృష్ణా, గోదావరి జిల్లాలనుంచి కుటుంబాలు ముందే దిగిపోయి ఇళ్ళు అద్దెకి తీసుకునేవి. ఉక్కుకి బొగ్గు కావాలి. మేలురకం ఓడల్లో వస్తుందని, బాయిలర్లలో వేసే రకం మాత్రం మన అడవుల్లోనే ఉందని అనుకునేవారు. గోదావరికి ఎగువన, కోయవాళ్ళ ఊళ్ళ మధ్య ఒక అడవిముక్క కింద అలాంటి బొగ్గు తగిలిందని డ్రిల్లింగు వాళ్ళు తేల్చారు. నేలని పైనుంచి తవ్వుకుంటూ పోయే గని. తవ్వాలంటే ముందు అడవిని తీసెయ్యాలి. తీసే ముందు చెట్లు లెక్కపెట్టాలి. ఏ వస్తువునైనా లెక్కపెట్టకుండా పోగొట్టుకోవడం ప్రభుత్వానికి ఇష్టముండదు.

ఆ లెక్క మాకొచ్చింది.

వెళ్ళింది ముగ్గురం, ఒక వంటవాడు. మా పెద్ద సర్వేయరు గారిది కోనసీమ. మంచి మనిషి, అడవి అంటే కాలవగట్టు లేని ఊరని ఆయన అభిప్రాయం. చైన్‌మేన్‌ది ఆనందపురం. గొలుసు పట్టడం, చెట్టుమీద నంబరు వెయ్యడం అతని పని. నాకంటే ఏడాది పెద్ద, నన్ను బావా అనేవాడు. నన్నొక్కణ్ణే అని పొంగిపోవడానికి లేదు, బస్సు కండక్టర్నీ అలాగే అనేవాడు. మూడోవాణ్ణి నేను. ఎలమంచిలి, ఇరవైమూడేళ్ళు, జూనియర్ సర్వేయరు. ఆఫీసు నాకు అప్పగించని పని నవ్వించడం. నేను శ్రద్ధగా చేసింది అదొక్కటే.

చెట్టుని లెక్కపెట్టడం పెద్ద విద్యేం కాదు. గుండె ఎత్తులో టేపు చుట్టి లావు కొలుస్తారు. అక్కడే అరచేయంత మేర బెరడు పైపైన చెక్కి, తెల్లరంగుతో నంబరు వేస్తారు. రిజిస్టర్లో నంబరు, రకం, లావు రాస్తారు. చివర్లో ఇంకో గడి ఉంటుంది: ఈ చెట్టుని వాడుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. మొదటి వరసలో పెద్ద సర్వేయరు గారు స్వహస్తాలతో 'లేరు' అని రాసి, రిజిస్టరు నాకిచ్చారు. అక్కణ్ణించి కిందకి నేను రెండేసి డిట్టో గీతలు గీసుకుంటూ పోయాను. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నన్ను ఎంచారు, తీరా నేను రాసిందంతా గీతలే.

'లేరు' అనడానికి ఆయన దగ్గర రుజువు కూడా ఉంది. అక్కడ ఇప్పచెట్లు ఎక్కువ. ఎక్కడ చూసినా ఎండుటాకు మోకాలి లోతు ఉంటే, ఇప్పచెట్ల కింద మాత్రం అద్దంలా ఉండేది. ఒక్క ఆకు, ఒక్క పుల్ల లేదు. పెద్ద సర్వేయరు గారు మొదటిరోజే అది చూసి ముచ్చటపడి, చేతికర్రతో చూపిస్తూ అన్నారు:

"చూశావుటయ్యా, మనిషి అడుగు పడని చోటు ఎంత శుభ్రంగా ఉంటుందో."

నేను కూడా అవునన్నాను. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. ఇద్దరు సర్వేయర్లు ఒకే మాటమీద ఉన్నప్పుడు చైన్‌మేన్ అభిప్రాయం అడిగే అలవాటు మా డిపార్టుమెంట్లో లేదు.

అసలు సంగతేమిటంటే అది ఇప్పపువ్వు రాలే కాలం. పువ్వు రాత్రంతా రాలి తెల్లారేసరికి నేలమీద ఉంటుంది. ఆడవాళ్ళు చీకటితో వచ్చి, ఏరుకుని, మర్నాటి పువ్వుకోసం చెట్టు కింద శుభ్రంగా ఊడ్చి వెళ్ళిపోతారు. మేం ఉప్మా తిని, కాఫీ తాగి, రెండో కాఫీ కూడా తాగి తొమ్మిదింటికి అడవిలోకి చేరేవాళ్ళం. అలా రెండు వారాలపాటు ఒకళ్ళనొకళ్ళం చూసుకోకుండా ఒకే అడవిలో పనిచేశాం. ఆఫీసు వేళలు కచ్చితంగా పాటించడంవల్ల వచ్చే నష్టాల్లో ఇదొకటి.

ఒకరోజు వంటవాడికి జ్వరమొచ్చింది. ఉప్మా లేదు, కాఫీ లేదు. చేసేదిలేక తెల్లారగానే పనిలోకి వెళ్ళాం. వెళ్ళేసరికి మనిషి అడుగు పడని చోట పాతికమంది ఉన్నారు.

పెద్ద సర్వేయరు గారు చేతికర్ర చంకలో పెట్టుకుని పైకొమ్మలు పరిశీలించడం మొదలుపెట్టారు. చైన్‌మేన్ మాత్రం నా పక్కకొచ్చి, చూపంతా పెయింటు డబ్బాలో పెట్టి, "మరి మొన్న ఇక్కడ ఊడిసింది ఎవురు బావా, కుందేళ్ళా?" అన్నాడు.

వాళ్ళలో ఒక ముసలావిడ చీపురు పట్టుకుని ఒక పెద్ద ఇప్పచెట్టు కింద నిలబడి ఉంది. ఆ చెట్టుకి ముందురోజు సాయంత్రమే నంబరు పడింది, రెండు వందల పద్నాలుగు. ఆవిడ చదువుకోలేదు. అంకెలకేసి కాసేపు చూసి, ముగ్గురిలోకీ చిన్నగా కనబడుతున్నాననేమో, నన్ను అడిగింది.

"ఈ రాతలేంది పిలగా?"

ఇక్కడే నేను నోరు మూసుకుని ఉండవలసింది. లేదా లెక్క పెడుతున్నామవ్వా అని ఊరుకోవలసింది. కానీ ఉప్మా లేని పొద్దున్న, ఎదురుగా పాతికమంది జనం, నాలాంటివాడు ఊరుకుంటాడా.

"ఇదా అవ్వా, పట్టా. కాగితంమీద ఇస్తే వానకి తడిసిపోతుందని చెట్టుమీదే రాసిచ్చేస్తున్నాం. ఇకనుంచి ఈ చెట్టు నీదే" అన్నాను.

పెద్ద సర్వేయరు గారు కిసుక్కుమన్నారు. ఆయన నవ్వింది నా జోకుకి కాదు, కుందేళ్ళ ప్రస్తావన వెనక్కి పోయినందుకు. ఆవిడ నవ్వలేదు. నా మొహంలోకి బాగా చూసి, "అందరియ్యీనా?" అంది. అందరివీనని నేను చెయ్యి ఊపాను, ఆ అడవంతా మా తాత నాటినట్టు.

మర్నాటినుంచి మాకు రాచమర్యాదలు మొదలయ్యాయి. వాళ్ళే ఎదురొచ్చి దారి చూపించేవారు. పొదల చాటున మేం వదిలేసిన చెట్లు చూపించి, దీనికి వెయ్యలేదు, దానికి వెయ్యలేదు అని వెనక్కి పిలిచి మరీ నంబర్లు వేయించుకున్నారు. కుండలతో నీళ్ళు తెచ్చిపెట్టారు. 'స్థానికుల సహకారం మెచ్చుకోదగినది' అని పెద్ద సర్వేయరు గారు డైరీలో రాసుకున్నారు.

పనికి మిగిలిన నాలుగు రోజుల్లో వాళ్ళ పద్ధతి నాకు కాస్త తెలిసింది. ఏ ఇంటివాళ్ళు ఏ చెట్టు కింద ఊడుస్తారో ఆ చెట్టు ఆ ఇంటిది. కంచె లేదు, గుర్తు లేదు, ఊడ్చిన నేలే సరిహద్దు. ఆ రెండు వందల పద్నాలుగు కింద ముసలావిడ అత్తగారు ఊడ్చింది, ఆవిడ అత్తగారు అంతకుముందు ఊడ్చింది. గింజలు అయిపోయే ఎండాకాలంలో ఆ పువ్వే ఉడకబెట్టుకుని తినేది, ఎండబెట్టింది సంతకి పోయి ఉప్పుగా, నూనెగా తిరిగొచ్చేది. ఆ చెట్లు పోతే ఆ మూడు నెలలు పొయ్యిమీదకి ఏం ఎక్కుతుందన్నది మా రిజిస్టర్లో ఏ గడిలోనూ లేదు.

ఇదంతా విని నేను రాత్రి చైన్‌మేన్‌కి కథగా చెబితే అతను కలిసి నవ్వలేదు.

"నువ్ సేత్తన్నది బాగోలేదు బావా."

"నవ్వులాటకన్నాన్రా."

"మరి నవ్వినోలు ఏరీ?"

నేను రిజిస్టరు తీసి మరో పేజీ డిట్టోలు గీశాను.

పని ముగించుకుని విశాఖపట్నం వచ్చేశాం. రిపోర్టు టైపయింది. పైన గుడ్డ అట్ట కూడా వేయించారు. ఇక దాన్ని చూసి సంతకం పెట్టడానికి హెడ్డాఫీసునుంచి ఒక పెద్ద అధికారి రావాలి. ఈలోగా మా లెక్కని సరిచూడ్డానికి అడవిలోకి వెళ్ళినవాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది. టేకుమీద నంబర్లున్నాయి, మద్దిమీద ఉన్నాయి, ఇప్పచెట్లమీద మాత్రం ఒక్క నంబరు లేదట.

పెద్ద సర్వేయరు గారు కుర్చీలో కూలబడ్డారు. ఆయన మొదట అనుమానించింది పెయింటుని, తరవాత పెయింటులో కలిపిన కిరసనాయిల్ని, ఆ తరవాత కలిపినవాణ్ణి. చైన్‌మేన్‌కి మెమో ఇచ్చారు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కిరసనాయిలు ఇప్పచెట్లకే పనిచేసి టేకుకి ఎందుకు పనిచెయ్యలేదో రాయడానికి కాగితం చాలదండీ అన్నాడు. ఊరివాళ్ళని అడిగితే, 'మీ పెద్దాఫీసుకే వచ్చి చెప్తం' అన్నారని కూడా కబురు చివర్లో ఉంది. పెద్ద సర్వేయరు గారు అధికారి వచ్చే తారీఖు చెప్పి, ఆ రోజు రమ్మనమని తిరుగు కబురు పంపారు. అంత దూరంనుంచి నిజంగా వస్తారని ఎవరూ అనుకోలేదు.

వచ్చారు. బస్సు, లాంచీ, రైలు, స్టేషను నుంచి సీతమ్మధార దాకా నడక. జూన్ ఉక్కపోతలో మా ఆఫీసులో ఫ్యాన్లు వేడిగాలిని ఈ మూలనుంచి ఆ మూలకి మోస్తున్నాయి. ముందు వినబడింది కింద ఇంటావిడ గొంతు. ఎవరమ్మా మీరు, చెట్టు కింద ఎందుకు కూర్చున్నారు అని. నేను కిటికీలోంచి వంగి చూశాను. ఆరుగురు, ఒక గోనెసంచి. ముసలావిడ బాదం చెట్టుకేసి చూస్తూ ఇంటావిణ్ణి తాపీగా అడుగుతోంది.

"ఈ చెట్టు ఎవలది అమ్మా?"

"ఎవరిదేమిటి, మాదే. మా మామగారు నాటారు."

"నంబరేది మరి?"

ఇంటావిడ ఏమన్నదో నేను వినలేదు. అప్పటికే నా కాళ్ళు నన్ను వెనక గదికి తీసుకుపోయాయి. నన్ను చూడగానే చైన్‌మేన్ లేచి నిలబడి, "వచ్చీసినారా?" అన్నాడు. ఎవరు వచ్చేశారని అడగలేదు. అది నేను ఆ కంగారులో పట్టించుకోలేదు.

వాళ్ళని పైకి పిలిచారు. కుర్చీలు చూపిస్తే వద్దన్నారు. నేను చాప తెచ్చి వేశాను. అధికారి బల్ల వెనక కూర్చున్నారు. సన్నగా ఉంటారు, మాట తక్కువ, ఆ తక్కువ మాటనీ మెల్లిగా అంటారు. నేను అప్పటికే ఆయన్ని అనుకరించడం కూడా మొదలుపెట్టి ఉన్నాను, ఆ పూట మాత్రం మానేశాను.

ముసలావిడ గోనెసంచి విప్పింది. లోపల బెరడు ముక్కలు. అరచేయంత, ఒక్కొక్కదానిమీద తెల్లరంగుతో మా చైన్‌మేన్ అందమైన దస్తూరీలో ఒక నంబరు. ఒక్కటీ విరగకుండా, చెట్టుకి గాయం తగలనంత పలచగా తీసినవి. వాటిని చాపమీద వరసగా పేర్చింది. మా గుమాస్తాకి ఆఫీసులోకి వచ్చిన ప్రతిదాన్నీ ఫైల్లో పెట్టడం అలవాటు. ఆయన ఒక ముక్క తీసుకుని పంచింగు మిషన్లో దూర్చబోయాడు. దూరలేదు. దారంతో కడదామా సార్ అని అడిగాడు.

"ఇవి మా పట్టాలు. చెట్టుమీద రాసిచ్చిన్రు. మీ ఆఫీసులో రాయించుకోనీకి తెచ్చినం" అంది ముసలావిడ.

  పెద్ద సర్వేయరు గారికి అప్పుడు కోపమొచ్చింది. ఆయన కోపం కూడా మర్యాదగానే ఉంటుంది. ప్రభుత్వం వేసిన గుర్తులు తీసేస్తే ఏమవుతుందో తెలుసా, కేసవుతుంది, అందరూ జైలుకి పోతారు అన్నారు. అది బెదిరింపు కాదు, నిజంగా అలా జరగగలదు. ఆరుగురిలో ఒక మగమనిషి మొహం అప్పుడే పాలిపోయింది.

అధికారి రిజిస్టరు తెరిచారు. చివరి గడి మీద వేలు పెట్టి పేజీ పైనుంచి కిందకి జరిపారు, తిప్పి ఇంకో పేజీ జరిపారు. నా డిట్టోలన్నీ ఆయన వేలి కింద ఒక్కొక్కటీ పోతుంటే నాకు ఉద్యోగం కూడా అలాగే పోతున్నట్టనిపించింది. తరవాత చాపమీంచి ఏదో ఒక బెరడు ముక్క తీసి, నంబరు తనవైపు తిప్పుకుని, వీపు ఆవిడకి చూపించి, ఇది ఎవరి చెట్టని అడిగారు. ఆవిడ ముక్క అందుకుని వేలితో తడిమి, ఫలానా ఇంటిది, వాగు ఒడ్డున వంగి ఉంటది, పోయినేడు పిడుగుపడి కొమ్మ విరిగింది అంది. ఆయన ఇంకోటి తీశారు. అదీ చెప్పింది. నాలుగోదానికి ఆయన ఆపేశారు.

"పట్టా అని ఎవరు చెప్పారు మీకు?"

ఇప్పుడు చెప్తుంది అనుకున్నాను. నేను ఆవిడకి ఎదురుగా మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. ఆవిడ నావైపు చూడనైనా లేదు. చీరచెంగు సర్దుకుని, "చెప్పినాయనే చెప్తడు" అంది.

తమ్ముళ్ళూ, ఎంత గంభీరమైన సభలోనైనా ఒక తేలికమాట వేసి గాలి తీసెయ్యగలనని నాకు పేరు. ఆ రోజు నోట్లో మూడు తేలికమాటలు తయారుగా ఉన్నాయి. మూడూ మంచివే. ఒక్కటి వదిలితే గది నవ్వేది, ప్రశ్న మర్చిపోయేవారు, కేసు మాత్రం ఆ ఆరుగురిమీద ఉండిపోయేది. ఊరుకున్నా అంతే. వెనకనుంచి చైన్‌మేన్ నా చొక్కా పట్టి చిన్నగా లాగాడు. గొలుసు బిగువుగా ఉందో లేదో చూసుకునే లాగుడు అది.

"నానేనండి" అన్నాను. కంగారులో మా ఊరి మాటే వచ్చింది. "నేనే చెప్పాను. నవ్వులాటకి."

అధికారి నన్ను మొదటిసారిగా చూశారు.

"ఎన్నాళ్ళనుంచి ఇస్తున్నారు పట్టాలు?"

"అదే మొదటిసారండి."

"ఎవరూ లేరని రాసింది కూడా మీరేనా?"

"డిట్టోలు నావండి. పైన 'లేరు' పెద్ద సర్వేయరు గారిది."

ఆ రెండో వాక్యం అవసరం లేదని తరవాత చాలామంది నాకు చెప్పారు. పెద్ద సర్వేయరు గారైతే రిటైరయ్యేదాకా చెప్పారు.

అధికారి రిజిస్టరు మూశారు. చాపవైపు చూశారు. "లేరని ఉంది. ఇక్కడ ఆరుగురు కూర్చున్నారు" అన్నారు, ఎవరితోనూ కాదు. ఆయన మనసు కరిగిందని నేను రాస్తే మీరు సంతోషిస్తారు, కానీ నాకు తెలీదు. నంబర్లు లేని చెట్లతో, లేనివాళ్ళు వచ్చి కూర్చున్న రిపోర్టుతో పైకి పోతే తన సంతకం ఏమవుతుందో ఆయన లెక్క చూసుకున్నారనే నా అనుమానం. ఏమైతేనేం, ఆ రిపోర్టు వెళ్ళదన్నారు. చెప్పింది మా మనిషే కాబట్టి వాళ్ళమీద కేసు లేదన్నారు. వానలు తగ్గాక మళ్ళీ లెక్కపెట్టాలి, ఏ చెట్టు ఎవరు వాడుకుంటున్నారో చివరి గడిలో పేరు రాయాలి, రాసేది ఈ పట్టాల ఆయనే, ఒక్క డిట్టో కనబడకూడదు.

సాయంత్రం బండికి వాళ్ళని ఎక్కించమని నన్నూ చైన్‌మేన్‌నీ పంపారు. ప్లాట్‌ఫారం మీద చైన్‌మేన్ వాళ్ళకి ఇడ్లీ పొట్లాలు పంచుతుంటే నేను ముసలావిడ పక్కన కూర్చున్నాను. క్షమించమని అడగడం నాకు అలవాటు లేదు, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలీలేదు. వేళాకోళానికి అన్నానవ్వా, నిజమనుకుంటావనుకోలేదు అన్నాను.

"నవ్వులాటకు అన్నవని నాకు ఆ రోజే ఎరుక" అంది.

నేను విప్పిన ఇడ్లీ పొట్లం మళ్ళీ కట్టేశాను.

"గొలుసు పట్టే పిలగాణ్ణి అడిగిన. చెట్టుకు నంబరేస్తే కొడతరని, వెయ్యకున్నా గనిల పోతదని చెప్పిండు. ఊకెనే గీకితే మమ్ముల జైల్ల వేస్తరు. పట్టా అన్నది సర్కారు మనిషేనాయె. పట్టా ఇంట్ల దాచుకుంటే తప్పేంది?"

చైన్‌మేన్ ఇడ్లీ పొట్లాల మీంచి తలెత్తలేదు. మెమోకి వివరణ రాయడానికి కాగితం ఎందుకు చాలదన్నాడో నాకు అప్పుడర్థమైంది.

"మరి నేను ఒప్పుకోకపోతే?" అన్నాను.

"అదొక్కటే తెల్వలె" అంది ఆవిడ. చట్నీ ఆకు చివరదాకా తుడుచుకుని తిని, నీళ్ళు తాగి, అప్పుడంది: "దానికోసమే గద ఇంత దూరం వచ్చిన."

అంతవరకూ ఆ అడవిలో నవ్వులాట తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. నేను ఒక మాట అన్నాను. ఆవిడ ఆ మాటని మొహంలో ఒక్క గీత కదలకుండా మూడు నెలలు మోసి, మొత్తం ఆఫీసు ముందు దించింది. జోకు వెయ్యడంలో నాకంటే మంచి చెయ్యి ఆవిడది.

రైలు కదిలేముందు గోనెసంచిలోంచి ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టింది. తన చెట్టుది. పట్టా రాసి తిరిగివ్వమంది. ఇస్తానన్నాను. ఈసారి ఇద్దరం నవ్వాం.

ఆ చలికాలం నేను వెళ్ళి రాశాను. తెల్లవారకముందే, వాళ్ళు పనులకి పోయేలోగా వెళ్ళేవాణ్ణి, ఉప్మా లేకుండా. ఒక్కో చెట్టుకి ఒక్కో ఇంటి పేరు, గుండ్రటి అక్షరాల్లో. రిజిస్టరు రెండింతలు లావయింది. తరవాత ఆ కాగితాలు ఎవరెవరి బల్లలమీద పడుకున్నాయో తెలీదు. ఏళ్ళు పట్టింది. చివరికి గని వచ్చింది, వాగుకి అవతల వచ్చింది. మా రిజిస్టరు చూసి జరిపారని ఆఫీసులో చెప్పుకునేవాళ్ళం. అటువైపు బొగ్గు పైకి ఉందని జరిపారని డ్రిల్లింగు వాళ్ళు చెప్పుకునేవారు. అవతల ఒడ్డున కూడా ఒక ఊరుంది, దానికీ ఇప్పచెట్లుండేవి. అక్కడ లెక్కపెట్టింది వేరేవాళ్ళు, చివరి గడిలో ఏం రాశారో నేను చూడలేదు. ఊహించగలను. ఎనభైల మధ్యలో ఒకసారి ఆ దారిన వెళ్తే వాగునీళ్ళు సిరాలా ఉన్నాయి. ఇవతల ఒడ్డున చెట్లు ఉన్నాయి. ముసలావిడ అప్పటికి లేదు. రెండు వందల పద్నాలుగు కింద నేల శుభ్రంగా ఉంది. ఊడ్చినవాళ్ళెవరో చూద్దామంటే నేను చేరేసరికి తొమ్మిదయిపోయింది.

తరవాత ఫ్యాక్టరీ కూడా వచ్చింది, రాయి దగ్గరి మేకలు ఎటో పోయాయి. చైన్‌మేన్ ఇప్పటికీ ఫోన్ చేస్తే బావా అంటాడు. పెద్ద సర్వేయరు గారు చివరిసారి కలిసినప్పుడు కూడా 'పైన లేరు నాది' అని నన్ను వెక్కిరించారు.

ఆ బెరడు ముక్క నా బల్లమీద ఉంది. రంగు పచ్చబడింది గాని నంబరు కనబడుతుంది. పట్టా రాయించాలని నిజంగానే ప్రయత్నించాను, రెండు మూడు ఆఫీసులు తిరిగాను. చెట్టుకి పట్టా ఏమిటని నవ్వారు. వాళ్ళలో ఒక కుర్రాడు నావైపు తిరిగి, "అయితే సార్, ఈ ముక్కే దాచుకోండి, ఇదే మీ పట్టా" అన్నాడు.

నేను నవ్వలేదు. అతని మొహం బాగా గుర్తుపెట్టుకుని, "అందరివీనా?" అని అడిగాను.